ఒత్తిడికి మార్కులు

ఈ ఏడాది నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చదివింది ఒక 13 ప్రశ్నల ఫారం. పేరు ఆటిజం పేరెంటింగ్ స్ట్రెస్ ఇండెక్స్. సిల్వా, షాలాక్ అనే ఇద్దరు పరిశోధకులు 2012లో ప్రచురించారు. మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్ళు, ఆటిజం. వాడు వెళ్ళే థెరపీ సెంటర్లో ఆర్నెల్లకోసారి అక్క చేత దీన్ని నింపిస్తారు. పక్కన కూర్చుని ఇంగ్లీషుని తెలుగులో చెప్పే పని నాది.

అంతకుముందు నుంచీ వాడుకలో ఉన్నది రిచర్డ్ అబిడిన్ 1983లో తెచ్చిన పేరెంటింగ్ స్ట్రెస్ ఇండెక్స్. దాని పొట్టి రూపంలో 36 ప్రశ్నలు. తల్లిదండ్రులందరికీ అని రాసింది కాబట్టి పిల్లవాడు మీతో ఎలా ఉంటాడు, ఎంత నవ్వుతాడు లాంటివీ అడుగుతుంది. ఆటిజం ఉన్న ఇంట్లో ఆ జవాబులు తల్లి పరిస్థితిని చెప్తున్నాయా, పిల్లవాడి లక్షణాలనా? మా భాషలో చెప్పాలంటే రెండు వేర్వేరు బగ్గులు ఒకే ఎర్రర్ కోడ్ ఇస్తున్నాయి. ఒకటి మాత్రం నచ్చింది. మార్కులు మరీ తక్కువొస్తే, హమ్మయ్య అనుకోకుండా, ఏదైనా దాస్తున్నారేమో చూడమంటుంది. తెలుగిళ్ళు తెలిసినవాళ్ళెవరో రాసినట్టుంది.

13 ప్రశ్నల ఫారం సూటిగా ఉంటుంది: నిద్ర, తిండి, టాయిలెట్ అలవాటు, మంకుపట్టు, తనని తాను కొట్టుకోవడం. మార్కులు 0, 1, 2, 3, ఆ తర్వాత 5. నాలుగు లేదు. రోజూ కష్టంగా ఉండటానికీ, ఇక నావల్ల కాదు అనిపించడానికీ మధ్య ఒక మెట్టు ఎక్కువే ఉందని వాళ్ళకి తెలుసు.

తెలుగులోకి తెచ్చేటప్పుడు మొదటి చిక్కు 'స్ట్రెస్' దగ్గరే. ఒత్తిడి అన్న మాట అక్క నోట ఎప్పుడూ వినలేదు. వాడు లిఫ్టులో అన్ని ఫ్లోర్ల బటన్లూ నొక్కితే విసుగు. దాని మీద అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో 'పేరెంట్స్ కొంచెం చూసుకోవాలి' అని పెడితే ఉక్రోషం. రాత్రి మూడింటికి లేచి కూర్చుంటే నీరసం. అన్నిటినీ కలిపి టెన్షన్ అంటుంది. పెద్దయ్యాక సొంతంగా బతకగలడా అన్న ప్రశ్న దగ్గరకొచ్చేసరికి మాట మారింది.

"అది టెన్షన్ కాదురా, బెంగ."

ఏడాదిలో అక్క మొత్తం 31 నుంచి 22కి దిగింది. వాడికి నిద్ర కుదిరింది, కొట్టుకోవడం తగ్గింది. సెంటర్ వాళ్ళు సంతోషించారు, మేమూను. బెంగ ప్రశ్న దగ్గర మాత్రం మూడుసార్లూ 5. ఆఫీసులో ఎవరైనా సగటు రెస్పాన్స్ టైమ్ తగ్గిందని గ్రాఫ్ చూపిస్తే, అన్నిటికంటే ఆలస్యమైన ఆ ఒక్క శాతం సంగతేంటని అడుగుతాం. ఇక్కడ అడిగేవాళ్ళు లేరు. బిడ్డకి దగ్గరగా అనిపించకపోవడం గురించి కూడా ఒక ప్రశ్న ఉంది. నేను పూర్తిగా చదవకముందే సున్నా పెట్టమంది. పక్కగదిలో వాళ్ళ అత్తగారున్నారు. రాత్రి ఫోన్ చేసి, "ఒకటి పెట్టాల్సిందేమోరా" అంది.

మాటల్ని నమ్మకపోతే ఉమ్మిని అడగొచ్చు. విస్కాన్సిన్‌లో మార్షా సెల్ట్‌జర్ బృందం ఆటిజం ఉన్న టీనేజర్ల, పెద్దవాళ్ళ తల్లుల లాలాజలంలో కార్టిసాల్ కొలిచి 2010లో ప్రచురించింది. ఒత్తిడి హార్మోను కదా, ఎక్కువుంటుందనుకుంటాం. మిగతా తల్లులకంటే తక్కువుంది. ఏళ్ళ తరబడి మోగీ మోగీ అలారం గొంతు తగ్గినట్టు. పత్రికలు వాళ్ళని యుద్ధం చూసిన సైనికులతో పోల్చి హెడ్డింగులు పెట్టాయి. నాకా పోలిక నచ్చదు. సైనికుడికి సెలవుంటుంది. పైగా అందులో పిల్లవాడు శత్రువైపోతాడు.

బెంగకి కాగితాలైతే ఉన్నాయి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం, ఆటిజం ఉన్న మనిషికి పద్దెనిమిది నిండాక అవసరమైతే గార్డియన్‌ని నియమించేది కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ. ఇంకా తొమ్మిదేళ్ళుంది గానీ బావ అప్పుడే అన్నీ చదివి ఫైలు పెట్టాడు. మా తర్వాత ఎవరు అన్నచోట ఆగాడు. నా పేరు రాయమన్నాను.

"ముందు నీ పెళ్ళి కానీరా," అంది అక్క. "వచ్చే అమ్మాయిని అడగాలిగా."