డిసెంబరులో చూసిన వేడి

ప్రాసెసరు ఎంత వేడెక్కితే ప్రమాదమని ఎవరైనా అడిగితే, ఒకప్పుడు తడుముకోకుండా ఒక అంకె చెప్పేవాణ్ణి. ఇప్పుడు తిరిగి నేనే మూడు ప్రశ్నలు వేస్తున్నాను. గదిలో వేడి ఎంత? గొట్టాలలోని నీటి వేడి ఎంత? ఎంతసేపు పని చేయించి చూశారు? ఈ మూడు ప్రశ్నలు నేర్చుకోవడానికి నేను చెల్లించిన మూల్యం మా అమ్మమ్మ పాటలో సగం.

2018 డిసెంబరు. హైదరాబాదులో మా ఇంటి పై అంతస్తు గది. కొత్తగా కూర్చుకున్న కంప్యూటరులో ఇంటెల్ కోర్ ఐ7-8700కె ప్రాసెసరు ఉండేది. ఆరు కోర్లూ ఒకేసారి పనిచేసేటప్పుడు దాని సహజ వేగం 4.3 గిగాహెర్ట్జులు. నేను వోల్టేజిని 1.20 నుంచి 1.35కు పెంచి 5 గిగాహెర్ట్జులు రాబట్టాను. పుట్టే వేడి వేగాన్ని బట్టి పెరుగుతుంది; వోల్టేజిని బట్టి అయితే దాని వర్గంతో పెరుగుతుంది. ఆ లెక్కన వేడి దాదాపు ఒకటిన్నర రెట్లయింది. దానిని మోసుకుపోవడానికి ప్రాసెసరు మీద రాగి దిమ్మె, ఒక పంపు, ఒక రేడియేటరు, వాటి మధ్య తిరుగుతూ లీటరు నీళ్ళు.

పరీక్ష పెట్టి మూడు నిమిషాలు చూశాను. 78 డిగ్రీల దగ్గర ఆడుతోంది. హద్దు 100. ఇంకా ఇరవై రెండు డిగ్రీలు చేతిలో ఉన్నాయని మురిసిపోయి, ఆ సంగతి మరచిపోయాను.

మరుసటి మే నెలలో అమ్మ ఒక వీడియో క్యాసెట్టు తెచ్చి ఇచ్చింది. 1994లో మా పిన్ని పెళ్ళిది. అమ్మమ్మ కదులుతూ, పాడుతూ కనిపించేది ప్రపంచంలో అదొక్కటే. రిబ్బను నిండా బూజు. వీసీఆర్ బాగుచేసే ఆయన తుడిచి ఇస్తూ, "ఒక్కసారి ఆడుతుందండీ, అదీ మీ అదృష్టం" అన్నాడు. మధ్యాహ్నం క్యాసెట్టు పెట్టి కంప్యూటరులోకి ఎక్కించడం మొదలుపెట్టాను. అదే సమయానికి అంతకు ముందెక్కించిన టేపులను శుభ్రపరిచే పని కూడా దాని నెత్తినే వేశాను. గంట గడిచింది. అమ్మమ్మ మంగళహారతి అందుకుంది. రెండో చరణం మధ్యలో తెర నీలమై యంత్రం ఆగిపోయింది. కంగారులో టేపు వెనక్కి తిప్పబోయాను. రిబ్బను లోపల చుట్టుకుని తెగింది.

"ఏరా, పాట ఆగిపోయిందేం?" అన్నది అమ్మ వంటింట్లోంచి.

తప్పు నీళ్ళది కాదు, నా కొలతది. తరువాత నీటిలో మునిగే ఉష్ణమాపకం ఒకటి కొని బిగించి, తీరిగ్గా కొలిచాను. పూర్తి పనిలో నా ప్రాసెసరు నీటికన్నా 51 డిగ్రీలు వేడిగా ఉంటుంది. ఆ తరంలో చిప్పుకూ పైమూతకూ మధ్య టంకం లేదు, పేస్టు మాత్రమే. అందుకే అంత తేడా. నీళ్ళు గదికన్నా 12 డిగ్రీలు వేడిగా ఉంటాయి, కానీ ఆ పన్నెండూ ఎక్కడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4,186 జూళ్ళు కావాలి మరి. నేను చూసిన మూడు నిమిషాలలో అవి అయిదు డిగ్రీలే ఎక్కాయి. గది 22, నీళ్ళు 27, ప్రాసెసరు 78. ఓపిక పట్టి ఉంటే 85 కనిపించేది.

ఇక మే నెల లెక్క. గది 38. నీళ్ళు 50. ప్రాసెసరు 101. హద్దుకు అవతల! పైగా వేడెక్కేకొద్దీ అదే వేగాన్ని నిలబెట్టుకోవడానికి మరింత వోల్టేజి కావలసి వస్తుంది. డిసెంబరులో నిలిచిన 5 గిగాహెర్ట్జులు మేలో నిలవలేదు. శీతలయంత్రం తోడు లేనంతవరకు ఏ నీటి ఏర్పాటూ గదికన్నా చల్లగా ఉండలేదు. గది పదహారు డిగ్రీలు పెరిగితే ఆ పదహారూ ప్రాసెసరు మీద పడవలసిందే.

అందుచేత ఒంటరి అంకెను నమ్మకండి. చిప్పులోని సెన్సరు కూడా నిజానికి ఇన్ని డిగ్రీలని చెప్పదు, హద్దుకు ఎంత దూరంలో ఉన్నదో చెబుతుంది. ఆ దూరాన్ని హద్దులోంచి తీసివేసి ప్రోగ్రాము మనకు చూపిస్తుంది. హద్దు దగ్గర అది నమ్మదగినది; పని లేక ఖాళీగా ఉన్నప్పుడు అంతగా కాదు. 2017లో వచ్చిన రైజెన్ 1800ఎక్స్ తన అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చూపేది. 2022 నాటి రైజెన్ 7000 తరం పూర్తి పనిలో 95 డిగ్రీల దాకా వెళ్ళేటట్టే రూపొందింది. ఒకదానికి జ్వరమైనది మరొకదానికి ఒంటి వెచ్చదనం. ఇంకొక మాట: ప్రాసెసరు మండిపోతూ రేడియేటరు చల్లగా ఉంటే సంతోషించకండి. వేడి నీళ్ళలోకి చేరడం లేదన్నమాట. పంపు ఆగి ఉండవచ్చు, దిమ్మె సరిగా ఆని ఉండకపోవచ్చు.

వోల్టేజిని 1.25కు, వేగాన్ని 4.7కు దించాను. వేగంలో ఆరు శాతం వదులుకుంటే వేడిలో అయిదో వంతు తగ్గింది. 12 కాస్తా 10 అయింది, 51 కాస్తా 41 అయింది. నడి మేలోనూ 89 దాటలేదు. మొదటే ఈ కూడిక చేసి ఉంటే కాగితం మీద మూడు వరుసలు పట్టేది.

అంతవరకు ఎక్కిన భాగం ఎలాగో దక్కింది. అమ్మ అప్పుడప్పుడు పెట్టమంటుంది. పాట ఆగిన చోట తాను అందుకుంటుంది. మిగిలిన చరణం అమ్మకు సగమే గుర్తుంది.