ఆరు రోజులు బాయికి... ఏడో రోజు రామప్పకి!

భూపాలపల్లిలో బండి కొనేవాళ్లకి కళ్లముందు రెండు బాటలుంటాయి. ఒకటి రోజూ బొగ్గుబాయికి పోయేది. రెండోది ఆదివారం గుడికో చెరువుకో తీసుకెళ్లేది. మరి ఈ రెండింటికీ సరిపోయే బండి ఏది?

రాత్రి పదకొండు దాటింది. రెండో షిఫ్టు అయిపోయింది. బాయిలోంచి పైకొచ్చినవాళ్లు క్యాప్‌ ల్యాంపులు అప్పగించి, మొహం మీది బొగ్గు నుసి కడుక్కుని స్టాండు వైపు నడుస్తారు. ఒక్కో బండీ దగ్గుతూ, గొణుగుతూ మేలుకుంటుంది. కాసేపట్లో చీకటి రోడ్డు మీద దీపాల వరస. కొన్ని క్వార్టర్ల వైపు మలుపు తిరుగుతాయి. మరికొన్ని చుట్టుపక్కల పల్లెల దాకా సాగిపోతాయి.

అదే బండి ఆదివారం పొద్దున్నే శుభ్రంగా స్నానం చేస్తుంది! గాలి కొట్టించి, వెనక సంచీ కట్టేస్తే చాలు... బాయి బండి కాస్తా విహారయాత్ర బండి అయిపోతుంది. సింగరేణిలో వారపు సెలవుని 'ప్లే డే' అంటారు. ఆ పేరుని సార్థకం చేసేది చాలా ఇళ్లలో రెండు చక్రాల బండే.

రైలు రాని ఊరు

భూపాలపల్లికి రైలు లేదు. రైలెక్కాలంటే వరంగల్లో, కాజీపేటో వెళ్లాలి. అది సుమారు 70 కిలోమీటర్లు. ఊరిని పెంచింది బొగ్గు. ఇక్కడి గనుల పేర్లకు ముందుండే కేటీకే అంటే కాకతీయ ఖని. ఆ పక్కనే చెల్పూరులో కాకతీయ థర్మల్‌ విద్యుత్‌ కేంద్రం. 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండూ కలిపి 1,100 మెగావాట్లు. 2016 అక్టోబరు 11న భూపాలపల్లి జిల్లా కేంద్రం కూడా అయింది. గనులు, విద్యుత్‌ కేంద్రం, కలెక్టరేట్‌... ఎక్కడ పనిచేసేవాళ్లకైనా వేళకు చేరుకోవాలంటే సొంత బండి ఉండాల్సిందే. అర్ధరాత్రి షిఫ్టు దిగేవాళ్ల కోసం బస్సు ఎదురుచూడదు కదా!

అందుకే ఇక్కడ బండి కొనడమంటే ఇల్లంతా కూర్చుని తేల్చాల్సిన వ్యవహారం. కొడుకు బుల్లెట్‌ అంటాడు. తండ్రి మైలేజీ అంటాడు. తల్లి మాత్రం ఒక్కటే అడుగుతుంది: ''బండి నీకొక్కనికేనా? నేను సుత కూసునేటట్టు ఉండాలె గదా!''

నిజానికి ముగ్గురి మాటా న్యాయమే. తేల్చాల్సింది లెక్కేసి.

లెక్క ఎలా తేలుతుంది?

ఇంటి నుంచి బాయికి పది కిలోమీటర్లు అనుకుందాం. రానూపోనూ 20. నెలకు 26 రోజులైతే 520 కిలోమీటర్లు. నెలలో రెండు ఆదివారాలు ఊరు దాటి, ఒక్కోసారి 130 కిలోమీటర్లు తిరిగారనుకుంటే 260. మొత్తం 780. అంటే బండి తిరిగే దూరంలో మూడింట రెండొంతులు బాయి బాటలోనే.

100 సీసీ బండి లీటరుకు 60 కిలోమీటర్లు ఇస్తే నెలకు 13 లీటర్లు చాలు. 160 సీసీ బండి 45 ఇస్తే 17 లీటర్ల పైన. 350 సీసీ బండి 35 ఇస్తే 22 లీటర్ల పైన. లీటరు 110 రూపాయలు వేసుకుంటే వరసగా 1,430, 1,900, 2,450 రూపాయల దాకా అవుతుంది. చిన్న బండికీ మధ్య బండికీ తేడా నెలకు ఐదొందల లోపే. పెద్ద బండికి వెళ్తే మాత్రం వెయ్యి రూపాయలు దాటుతుంది. దీనికి నెలవాయిదా, బీమా, టైర్లు, సర్వీసింగు ఖర్చులు అదనం.

పన్ను లెక్క కూడా మారింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఆపై సీసీ బండ్లకు 40 శాతం అయింది. ఇంజిను 349 సీసీ ఉన్న క్లాసిక్‌ 350 గీతకు ఇవతల ఉంది. 452 సీసీ ఉన్న హిమాలయన్‌ 450 గీతకు అవతల ఉంది. అడవి దారి అనగానే పెద్ద అడ్వెంచర్‌ బండే కొనాలనుకునేవాళ్లు ఈ తేడా చూసుకోవాలి.

మొదటి ఆదివారం... రామప్పకి

భూపాలపల్లి నుంచి చెల్పూరు మీదుగా గణపురం వెళ్తే కోటగుళ్లు. పెద్ద రాతి ప్రహరీ లోపల గణపేశ్వరాలయం, దాని చుట్టూ చిన్న చిన్న గుళ్లు. కొన్ని ఒరిగాయి, కొన్ని కూలాయి. అయినా కాకతీయుల నాటి పనితనం ఇప్పటికీ కనిపిస్తుంది. పక్కనే గణప సముద్రం చెరువు.

అక్కణ్నుంచి పాలంపేట దగ్గరే. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడికి 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది. నల్లరాతి మదనికల్ని, నీటి మీద తేలేంత తేలికైన ఇటుకల శిఖరాన్ని, తల పైకెత్తి ఆలకిస్తున్నట్టుండే నందిని చూసి, గుడి పక్కనే ఉన్న రామప్ప చెరువు గట్టున కూర్చుంటే పూట ఇట్టే గడిచిపోతుంది. ఇంకా ఓపిక ఉన్నవాళ్లు లక్నవరం వేలాడే వంతెన దాకా వెళ్తారు.

ఈ దారికి కావాల్సింది వేగం కాదు, బ్రేకులు! పల్లె రోడ్డు మలుపు తిరగ్గానే గేదెల మంద ఎదురవుతుంది. కోతల కాలంలో రోడ్డుకి ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉంటాయి. వాటి మీదికి బండ్లు రాకుండా అడ్డంగా రాళ్లు. పొద్దుగూకాక ఆ రాళ్లు కనపడవు. వడ్ల మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. అందుకే కొనేటప్పుడు ముందు చక్రానికి డిస్క్‌ బ్రేకు ఉందా లేదా అని చూడాలి. 2019 ఏప్రిల్‌ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్‌ తప్పనిసరి. సడన్‌గా బ్రేకు నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా అది కాపాడుతుంది. అంతకన్నా చిన్న బండ్లలో ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకీ పట్టే సీబీఎస్‌ ఉంటే చాలన్నది అప్పటి నిబంధన. రెండూ మంచివే కానీ, రెండూ ఒకటి కాదు.

రెండో ఆదివారం... కాళేశ్వరానికి

ఈసారి ఉత్తరం దిక్కు. కాటారం, మహాదేవపూర్‌ మీదుగా దాదాపు 60 కిలోమీటర్లు. గోదావరిలో ప్రాణహిత కలిసేచోటు. కంటికి కనిపించని సరస్వతి కూడా అక్కడే కలుస్తుందని నమ్మకం. అందుకే 2025 మేలో సరస్వతి పుష్కరాలు అక్కడే జరిగాయి. గుళ్లో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తేశ్వరుడు, అంటే శివుడు.

దారి పొడవునా అడవి. చల్లగా, హాయిగా ఉంటుంది. కానీ ఒంటరి దారి కాదు. గోదావరి ఇసుక మోసే లారీలు ఎదురొస్తూనే ఉంటాయి. ఇద్దరు ఎక్కి, వెనక సంచీ ఉన్న 100 సీసీ బండి ఆయాసపడేది ఇక్కడే. తాపీగా యాభైలో పోతే ఇబ్బందేం లేదు. లారీని దాటాలనుకున్నప్పుడే తెలిసొస్తుంది. యాక్సిలరేటర్‌ ఎంత తిప్పినా బండి ముందుకు ఉరకదు. ఎదురుగా మరో లారీ కనిపిస్తుంది! ఇలాంటప్పుడు 125 నుంచి 160 సీసీ బండికున్న కాస్త ఎక్కువ బలం అక్కరకొస్తుంది. అయినా దాటడానికి చోటు లేకపోతే ఏ సీసీ బండైనా లారీ వెనక ఆగాల్సిందే.

ఈ దారి ఇంకో ప్రశ్న కూడా అడుగుతుంది. అడవి మధ్య పంక్చరైతే? ట్యూబులేని టైరులో మేకు దిగినా గాలి ఒక్కసారిగా పోదు, మెల్లగా దిగుతుంది. దగ్గర్లోని ఊరు చేరే వ్యవధి దొరుకుతుంది. పుల్లల చక్రాలకు ఎక్కువగా ట్యూబు టైర్లే ఉంటాయి. అలాంటి బండి కొంటే పంక్చరు సామాను వెంట ఉండాలి, వేయడం కూడా వచ్చుండాలి.

సర్వీసింగు సంగతీ ముందే అడగాలి. ఊళ్లోనే చేసే మెకానిక్‌ ఉన్నాడా, విడిభాగాలు దొరుకుతాయా? ప్రతిదానికీ హనుమకొండకు పరుగెత్తాలంటే ఆ రోజు మస్టర్‌ పోయినట్టే. బొగ్గు దుమ్ములో తిరిగే బండికి ఎయిర్‌ ఫిల్టర్‌ త్వరగా మూసుకుపోతుంది. సుమారు 500 కిలోమీటర్లకోసారి చైను తుడిచి నూనె వేయాలి. అంటే ఇక్కడి లెక్కలో నెలకోసారైనా.

వాగు ముందు అన్ని బండ్లూ ఒకటే

అడుగు భాగానికీ నేలకూ మధ్య ఎడం ఎంత? కుర్రాళ్లు ముందు అడిగేది ఇదే. స్ప్లెండర్‌ ప్లస్‌కి 165 మిల్లీమీటర్లు, క్లాసిక్‌ 350కి 170, హిమాలయన్‌ 450కి 230. గుంతల దారిలో, ఎత్తైన స్పీడ్‌ బ్రేకర్ల దగ్గర ఈ తేడా పనికొస్తుంది. నీళ్ల దగ్గర మాత్రం దీన్ని నమ్ముకోకూడదు.

2023 జులై 27ని ఈ ప్రాంతం మరిచిపోలేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి భూపాలపల్లి దారిలోని మోరంచపల్లిని ముంచేసింది. జనం ఇళ్ల కప్పులు, చెట్లు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. కొందరు కొట్టుకుపోయారు. హెలికాప్టర్లు, పడవలు వచ్చి మిగతావాళ్లను బయటికి తెచ్చాయి. ఆ వరద ముందు రెండొందల కిలోల బండైనా గడ్డిపోచే. కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే వెనక్కి తిరగడమే తెలివైన పని. వానాకాలం ఆదివారాల్లో బయల్దేరే ముందు వాగుల సంగతి వాకబు చేయడం ఇక్కడివాళ్లకి అలవాటుగా మారాలి.

వెనక సీటు ఓటు

ఇక తల్లి అడిగిన మాట. షోరూమ్‌కి ఒక్కరే వెళ్లి బండి తోలి చూస్తే సగమే తెలుస్తుంది. వెనక కూర్చునేవాళ్లనీ తీసుకెళ్లాలి. సీటు వెడల్పుగా ఉందా, వెనక్కి ఏటవాలుగా ఎత్తి ఉందా? పట్టుకోవడానికి కమ్మీ, కాళ్లు పెట్టుకోవడానికి చోటు ఉన్నాయా? చీర కొంగు చక్రంలో పడకుండా గార్డు ఉందా? చూడ్డానికి వేగంగా కనిపించే కొన్ని బండ్ల వెనక సీటు గంటసేపు కూర్చోడానికి కూడా పనికిరాదు. కాళేశ్వరం దాకా నడుం నొప్పి భరించాల్సింది నడిపేవాళ్లు కాదు!

బరువు కూడా చూసుకోవాలి. స్ప్లెండర్‌ ప్లస్‌ 112 కిలోలు. క్లాసిక్‌ 350 అయితే 195. రోడ్డు మీద ఆ బరువు నిలకడగా, హుందాగా ఉంటుంది. కానీ షిఫ్టులో ఒళ్లు హూనమయ్యాక స్టాండులోంచి వెనక్కి లాగాల్సి వస్తే అప్పుడు తెలుస్తుంది దాని అసలు బరువు.

పిల్లలుంటే? చట్టం ప్రకారం బండి మీద ఇద్దరే. 9 నెలల నుంచి నాలుగేళ్లలోపు పిల్లల్ని వెనక ఎక్కించుకుంటే హెల్మెట్‌తో పాటు, నడిపేవాళ్లకు కట్టే బెల్టు ఉండాలి, వేగం 40 దాటకూడదు. 2022లో వచ్చిన ఈ నిబంధన 2023 నుంచి అమల్లో ఉంది. నలుగురున్న ఇంటికి సరిపోయే మోటార్‌సైకిల్‌ ఏ కంపెనీ తయారుచేయలేదు. అలాంటప్పుడు బస్సే మేలు. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో మహిళలకు, ఆడపిల్లలకు ఛార్జీ లేదు. కాళేశ్వరానికి తల్లీకూతుళ్లు బస్సులో, తండ్రీకొడుకులు బండి మీద... ఎవరు ముందు చేరతారో పందెం కూడా వేసుకోవచ్చు!

ఇంతకీ ఏది కొనాలి?

ఏడాదికి రెండుసార్లే ఊరు దాటేవాళ్లకి 100 సీసీ బండి బోలెడు. నెలకు రెండుసార్లు, అదీ ఇద్దరు కలిసి వెళ్లేవాళ్లకి 125 నుంచి 160 సీసీ మధ్యలో... వెడల్పు సీటు, ముందు డిస్క్‌ బ్రేకు, ట్యూబులేని టైర్లు ఉన్నది సరిపోతుంది. 350 సీసీ మీద మనసుండి, నెలకు వెయ్యి అదనంగా పెట్టగలిగి, ఆ బరువు మోయగలిగితే అదీ తప్పు కాదు. ఏది కొన్నా బడ్జెట్‌లో ఐఎస్‌ఐ గుర్తున్న రెండు హెల్మెట్లను కలిపే లెక్కేయాలి. రాత్రి షిఫ్టులవాళ్లకు వాటి అద్దం నల్లది కాకుండా తెల్లది ఉండాలి.

అసలు పరీక్ష రామప్ప దారిలో ఉండదు. రాత్రి పదకొండింటికి అలసిపోయిన మనిషిని, ఎదురు లారీల వెలుగులో, ఇంటికి భద్రంగా చేర్చే బండేదో అదే మంచి బండి. హెడ్‌లైటు, బ్రేకు, టైరు ఆ దారికి సరిపోయేలా ఎంచుకుంటే ఆదివారం ప్రయాణానికి దిగులుండదు. అదే, ఆదివారం షికారు కోసమే కొన్న బండి మిగతా ఆరు రోజులూ బరువైపోవచ్చు.

మరొక్క జాగ్రత్త. శనివారం నైట్‌ షిఫ్టు చేసి, ఆదివారం పొద్దున దిగీదిగగానే ''పదండి కాళేశ్వరం'' అనకూడదు. ఒక నిద్ర తీసి, ఎండ తగ్గాక కోటగుళ్ల దాకా వెళ్లొస్తే చాలు. కాళేశ్వరం ఇంకో వారం వెళ్లొచ్చు. నిద్రని ఆపే బ్రేకు ఏ బండికీ లేదు.

ఎంతైనా అక్కడున్నది యముడు. ఆయనకి దండం పెట్టుకుని రావడానికే వెళ్లాలి... దారిలోనే కలుసుకోవడానికి కాదు!