చదవని చీటీ

ఈ సంగతి మన పత్రికలో రాయవచ్చా అని చాలా రోజులు తటపటాయించాను. మా వదినే, "నీలాగా ఎంతమంది లోలోపల బెంగపడుతున్నారో, రాయి" అంది. అందుకే రాస్తున్నాను.

తుర్విహాళలో నా ఉద్యోగం. తుంగభద్ర ఎడమ కాలువ కింద వరి పండే ప్రాంతం. చుట్టుపక్కల క్యాంపుల్లో మన తెలుగు రైతులు ఎందరో. ఆ మధ్య నాకు నెలసరి అదుపు తప్పితే రాయిచూరులో చూపించుకున్నాను. గర్భసంచిలో పాలిప్ అనే చిన్న కండ పెరిగిందని తీసేశారు. పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి ఇంటికి వచ్చేశాను. పరీక్షకు పంపిన ముక్కలో దోషమేమీ లేదన్నారు. హమ్మయ్య అనుకున్నాను.

పది రోజులకి రెండు రొమ్ములూ ఒకటే సలపరం. జాకెట్టు తగిలితే నొప్పి. సింధనూరు బస్సు గతుకుల్లో చేయి అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆపరేషన్ ఎక్కడ, నొప్పి ఎక్కడ! మావారికి కూడా చెప్పలేదు. మా పిన్ని రొమ్ము క్యాన్సర్‌తోనే పోయింది. రాత్రిళ్ళు ఆవిడే కళ్ళలో మెదిలేది.

చివరికి వదినకు చెబితే మర్నాడే డాక్టరమ్మ దగ్గరకు లాక్కెళ్ళింది. ఆవిడ అంతా విని, "మాత్రలు వాడుతున్నారు కదా, అవేమిటో తెలుసా?" అంది. నాకు తెలియదు. రక్తస్రావం తిరగబెట్టకుండా ఇచ్చిన ప్రొజెస్టిరోన్ జాతి మాత్రలట. వాటివల్ల కొందరికి రొమ్ములు ఇలా బరువెక్కి నొప్పి పెడతాయట. రెండువైపులా ఒకేలా ఉంది, గడ్డ లేదు. అయినా యాభై దాటాను కనుక మామోగ్రామ్ తీయించారు. అదీ బాగానే ఉంది. మాత్రలు సొంతంగా మానవద్దని, కోర్సు అయ్యాక నొప్పి తగ్గుతుందని చెప్పింది. అలాగే తగ్గింది.

ఆ రాత్రి డిశ్చార్జి చీటీ తీసి చూశాను. మాత్ర పేరు, ఎన్నాళ్ళు వేసుకోవాలో, అన్నీ ఉన్నాయి. అప్పు కాగితాల మీద రైతు చేత వేలిముద్ర వేయించే ముందు ప్రతి షరతూ చదివి వినిపిస్తాను. బి.కాం. చదివిన నేను నా చీటీ మాత్రం చదవలేదు.

డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పే పెట్టదట. మా పిన్ని ఏడాదిపాటు ఊరుకున్నది అందుకే. నొప్పి లేదని ఆవిడ చెప్పలేదు, నొప్పి ఉందని భయపడి నేను చెప్పలేదు.

అక్కచెల్లెళ్ళారా, గడ్డ తగిలినా, ఒకచోటే నొప్పి నిలిచిపోయినా, చర్మం సొట్టపడినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా వెంటనే చూపించుకోండి. ఏ మాత్ర ఎందుకిచ్చారో అడిగి తెలుసుకోండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. నాకు మా వదిన ఉంది, మీకూ ఎవరో ఒకరు ఉంటారు.