వేలిముద్ర పడని అవ్వ, మూడో చెయ్యి ఉన్న స్టెలార్క్



మొన్న రాత్రి హాస్టల్లో మేము నలుగురం ఒకే ఫోన్‌లో స్టెలార్క్ వీడియోలు చూశాం. సైప్రస్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో పెరిగిన కళాకారుడు. 1980లో కుడిచేతికి ఒక మరచెయ్యి తగిలించుకున్నాడు. దాని పేరే 'మూడో చెయ్యి'. పొట్ట, కాళ్ల కండరాల్లో పుట్టే కరెంటు సంకేతాలతో అది కదుల్తుంది. ముందు నవ్వొచ్చింది. బస్తా మోసేటప్పుడు ఇంకో చెయ్యి ఉంటే బాగుండు అనుకోనోళ్లు మనలో ఎవరు!

1995 నాటి ప్రదర్శన దగ్గర నవ్వు ఆగింది. ఆయన ఒంటికి వైర్లు పెట్టుకుని లక్సెంబర్గ్‌లో నిలబడ్డాడు. పారిస్, హెల్సింకి, ఆమ్‌స్టర్‌డామ్‌లలో జనం తెర తాకితే ఇక్కడ ఆయన కాలూ చెయ్యీ ఎగిరిపడ్డాయి. మనిషి ఒళ్లు పాతబడిపోయింది, యంత్రంతో కలవాల్సిందే అని ఆయన వాదన.

మాకు రేషన్ డిపో గుర్తొచ్చింది. చింతపండు కొట్టి, పోడు తవ్వి మా అవ్వల వేళ్లు అరిగిపోయాయి. మిషన్ మీద ముద్ర పడదు. చీరకి తుడుచుకుని మళ్లీ పెట్టాలి. "రేపు రా" అంటారు. ఎక్కడో సర్వర్ ఊ అంటేనే ఆమె ఆమె. స్టెలార్క్ అయితే ఆట అయ్యాక వైర్లు విప్పేసుకున్నాడు.

ఆయన్ని తప్పుపట్టట్లేదు, తన ఒళ్లే కదా పణం పెట్టాడు. కానీ ఒళ్లు పాతబడిందన్న మాట మాకు మింగుడుపడలేదు. పోయిన నెల మాలో ఒకడి అవ్వకి ఆరోసారికి ముద్ర పడింది. బియ్యం నెత్తినెట్టుకుని చీకటి పడ్డాక కొండెక్కింది.