గోస్తనీ సాగర సంగమాన భీమునిపట్నం

ఎల్.టి.సి. మంజూరు కాగానే మనవారి ఆలోచనలు కాశ్మీరు, ఊటీ, కన్యాకుమారి వైపు పరుగులు తీయడం సహజం. మధ్యధరా సముద్ర తీరాన గల ప్రాచీన పట్టణాల చిత్రాలను చూసినప్పుడు, ఆ పాత రేవులు, దీపస్తంభాలు, రాతి సమాధులు, సముద్రానికి ఎదురుగా నిలిచిన కొండలు మన మనస్సులను ఆకర్షించడమూ సహజమే. అటువంటి పట్టణమొకటి మన ఇనుప ఖనిజం ప్రయాణించే రైలుమార్గం చివర, విశాఖపట్నానికి ఉత్తరంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్నదని మనలో ఎందరు గమనించి ఉంటారు? అదియే భీమునిపట్నం. వాడుకలో భీమిలి.

బస్తర్ నుండి అక్కడికి చేరుకొనే ప్రయాణమే సగం విహారం. బైలడిల్లా ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేయవలెనన్న ఉద్దేశంతో 1960 దశకంలో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం నిర్మించబడినది. పగటి బండిలో కూర్చున్నవారికి అరకు దాటిన తరువాత సొరంగాలు, లోయలు, జలపాతాలు ఒకదాని వెంట ఒకటి దర్శనమిస్తాయి. పిల్లలు సొరంగాలను లెక్కపెట్టడం మొదలుపెట్టి, యాభైకి సమీపించేసరికి లెక్క తప్పడం ఈ మార్గంలో మామూలే. బొర్రా గుహల వద్ద ఒక విశేషాన్ని వారికి తప్పక చెప్పవలెను. ఆ గుహల ప్రాంతంలో ప్రవహించే గోస్తనీ నదియే కొండలు దిగి, మైదానం దాటి, భీమిలి వద్ద సముద్రంలో కలుస్తుంది. బాల్యంలో చూసిన నదిని ప్రయాణం చివర సాగర సంగమం వద్ద మరల చూడగలగడం ఈ యాత్రలోని ప్రత్యేకత.

కిష్టారం వంటి దక్షిణ బస్తర్ గ్రామాల నుండి వచ్చేవారికి కిరండూల్ మార్గం కంటే కోంటా మార్గమే సౌకర్యం. కోంటా నుండి చింతూరు చేరి, మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మీదుగా రాజమహేంద్రవరం వచ్చి, అక్కడ విశాఖ బండి ఎక్కవచ్చును. వర్షాకాలంలో కొండచరియలు విరిగిపడి రెండు మార్గాలలోనూ రాకపోకలకు అంతరాయం కలుగుతుంటుంది. కనుక బయలుదేరే ముందు విచారించుకొనడం మంచిది. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం.

భీముడు ఇక్కడ బకాసురుని వధించెనని, అందువలననే ఈ పేరు వచ్చెనని స్థానికుల విశ్వాసం. చరిత్ర విషయానికి వస్తే, 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకొన్నారు. 1824 నాటి ఒడంబడిక ననుసరించి మరుసటి సంవత్సరం ఈ పట్టణం ఆంగ్లేయుల వశమైనది. 1861లో పురపాలక సంఘం ఏర్పడినది. దేశంలోని అతి పురాతన పురపాలక సంఘాలలో ఇది ఒకటి. నేడు ఈ పట్టణం మహా విశాఖ నగరపాలక సంస్థలో అంతర్భాగం.

కుటుంబంతో వెళ్ళేవారు భీమిలికి కనీసం మూడు రోజులు కేటాయించవలెనని నా మనవి. విశాఖ నుండి కారులో వచ్చి, ఒడ్డున నాలుగు ఫోటోలు తీసుకొని మరలిపోయేవారు ఈ ఊరిని చూసినట్లు కాదు.

మొదటి రోజు ఉదయం కాలినడకన బయలుదేరి గంటస్తంభం, 19వ శతాబ్దపు చర్చి, సముద్రపుటొడ్డున దీపస్తంభం చూడవచ్చును. డచ్చివారి సమాధుల తోటలో కొంతసేపు నిలబడండి. శిఖరాల వలె లేచిన ఆ కట్టడాలను, వాటి మీది చెక్కడపు అక్షరాలను ఉప్పుగాలి క్రమంగా తినివేయుచున్నది. వేలాది మైళ్ళు ఓడలో వచ్చి, తిరిగి స్వదేశం చూడని వర్తకులు, వారి భార్యలు, పసిబిడ్డలు అక్కడ నిద్రిస్తున్నారు. ఉద్యోగరీత్యా స్వస్థలానికి దూరంగా కాపురముండే మన కుటుంబాలకు ఆ స్థలం ఏదో చెప్పకపోదు.

రెండవ రోజు ఎండ ముదరక ముందే పావురాలకొండ ఎక్కవలెను. కొండవాలున లక్ష్మీనరసింహస్వామి ఆలయం, పైన బౌద్ధ విహార శిథిలాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు కలవు. అక్కడి నుండి పట్టణం, నదీముఖం, సముద్రం ఒకేసారి కనిపిస్తాయి.

సాయంకాలం ఎర్రమట్టి దిబ్బలకు వెళ్ళండి. ఆ ఎరుపు మనకు కొత్త కాదు, మన గనుల దుమ్ములోని రంగే. సుమారు ఇరవై వేల సంవత్సరాల క్రిందట సముద్రమట్టం ఇప్పటికంటే నూరు మీటర్లకు పైగా దిగువన ఉండెడిది. ఆనాడు బయటపడిన ఇసుకను గాలి లోపలికి తోసి దిబ్బలుగా పేర్చినది. ఇసుక రేణువులకు పొరగా పట్టిన ఇనుప ఆక్సైడే వాటికి ఆ ఎరుపును ఇచ్చినది. తమిళనాడు, శ్రీలంక తీరాలలో తప్ప దక్షిణాసియాలో ఇటువంటి దిబ్బలు అరుదు. 2025లో ఇవి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినవి. వాన నీటికే కరిగి గండ్లు పడే ఈ దిబ్బలు మన పాదాల తొక్కిడికి ఇంకా త్వరగా కూలిపోగలవు. పిల్లలను అంచులు ఎక్కనీయరాదు.

మూడవ రోజు విశాఖ దారిలో ఉన్న బావికొండ, తొట్లకొండలను దర్శించవచ్చును. బావికొండలో ధాతు పేటికలు దొరికినవి. తొట్లకొండలో 1988–1993 మధ్య జరిగిన త్రవ్వకాలలో శాతవాహనుల నాణెములతోపాటు రోమను వెండి నాణెములు బయల్పడినవి. మధ్యధరా సముద్రపు సంపద రెండు వేల సంవత్సరాల నాడే మన తీరానికి చేరినదనుటకు ఇంతకంటె నిదర్శనం వేరొకటి కావలయునా?

వీలైన ప్రతి ఉదయం ఒడ్డుకు వెళ్ళండి. వేటకు పోయిన మత్స్యకారుల పడవలు తిరిగివచ్చే వేళ ఇసుక మీదనే బేరాలు సాగుతాయి. వంజరం, రొయ్యలు, పీతలు, నెత్తళ్ళు బుట్టలలో మెరుస్తాయి. సముద్రం ప్రశాంతంగా కనిపించినను లోపలి ప్రవాహాలను నమ్మరాదు. స్నానానికి దిగే ముందు మత్స్యకారులను అడగడం శ్రేయస్కరం.

గృహిణులకు ఆసక్తి కలిగించే మరొక సంగతి కలదు. మనం పచ్చడి చేసుకొనే గోంగూర మొక్క నారనే గోగునార అంటాము. ఆ నార ఈ రేవు నుండి విదేశాలకు ఎగుమతి అయ్యేది. అంతర్జాతీయ వ్యాపారంలో దానికి ‘బిమ్లీ జనుము’ అన్న పేరు స్థిరపడినది. ఒక చిన్న పట్టణం తన పేరును ఒక మొక్కకు ఇచ్చినదన్నమాట.

అంతటి రేవు ఎందుకు మూతపడినది? ఇక్కడ ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకును చిన్న పడవలలో ఒడ్డుకు చేరవేయవలసి వచ్చేది. ప్రధాన రైలుమార్గం ఈ ఊరిని తాకకుండా విజయనగరం, విశాఖపట్నం మీదుగా పోయినది. 1933లో విశాఖ నౌకాశ్రయం ప్రారంభమైన తరువాత వర్తకమంతా అటే తరలినది. మన ఖనిజం సైతం ఆ విశాఖ రేవుకే చేరినది.

అందువలన భీమిలి దర్శనం మనవంటివారికి వినోదం మాత్రమే కాదు. ఒక్క సరుకు మీద, ఒక్క మార్గం మీద ఆధారపడి వెలసిన పట్టణాలలో మన గని కాలనీలు కూడా ఉన్నవి. సరుకు పోయిన తరువాత ఒక ఊరికి మిగిలేదేమిటో భీమిలి చూపుతుంది. నది, కొండ, గుడి, బడి, తెల్లవారకముందే పడవను నీటిలోకి తోసే మనుష్యులు అక్కడ మిగిలి ఉన్నారు. గిడ్డంగులు కూలినవి. ఊరు కూలలేదు. ఖనిజంతోపాటు ఒక ఊరికి మరేమేమి కావలయునో మన పిల్లలు ఆ వీధులలో నడుస్తూ ఆలోచించుకొన్నట్లయితే, ఈసారి ఎల్.టి.సి. సార్థకమైనట్లే.