ముందు గుడి, తర్వాత గిన్నె

హనుమకొండకు చుట్టం వస్తే ఊరివాళ్లు మొదట చెప్పేది వేయి స్తంభాల గుడి. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన ఆ త్రికూటాలయానికి పొద్దున్నే వెళ్లాలి. నల్లరాతి నంది నునుపును ఏటవాలు ఎండలోనే చూడాలి.

తర్వాత సర్వపిండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు కలుపుతారు. నూనె రాసిన గిన్నె అడుగున ముద్దను చేత్తో పలచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేస్తారు. మూత పెట్టి సన్నసెగ మీద కాల్చాలి. గిన్నె చల్లారితే తప్ప రెండోది ఒత్తలేరు, అందుకే తొందరపడే వంట కాదిది. ఎర్రగా కాలిన అడుగు పెచ్చులోనే అసలు రుచంతా ఉంది. అది మొదట చుట్టానికే పెట్టాలి.

మహాలయ అమావాస్య అయితే సాయంత్రం మళ్లీ గుడికే. ఎంగిలిపూల బతుకమ్మ ఆ రోజే. తంగేడు, గునుగు, చప్పట్లు, రాత్రి దాకా పాట.