కారులో రేడియో

మా పాత కారులోని రేడియో మూగవోయినందున, ప్రొద్దుటూరులో క్రొత్తది కొనబోయితిని. అంగడివారు పెద్ద తెర గల యంత్రమును చూపిరి. దాని ముఖము 180 మిల్లీమీటర్ల వెడల్పు, 100 ఎత్తు. మా కారులోని గూటి ఎత్తు 50 మాత్రమే. అంతేగాక, తెరను తాకుటకు కన్ను దానివైపు మరలవలెను. త్రిప్పుడు మీటను చేయి చూడకయే కనుగొనును. జమ్మలమడుగు, పులివెందుల బాటలలో గొఱ్ఱెలమందలు చెప్పి రావు గదా! వెనుక పిల్లలుందురు. కావున మీట గలదానినే కోరితిని.

పనివాడు మొదట బ్యాటరీ తీగను విప్పెను. పిమ్మట పసుపు తీగను ఎల్లప్పుడు విద్యుత్తుండు తీగకును, ఎఱ్ఱదానిని తాళము త్రిప్పినపుడు విద్యుత్తు వచ్చు తీగకును, నల్లదానిని కారు లోహమునకును కలిపెను. మొదటి రెండును తారుమారైనచో, తాళము తీయగనే యంత్రము దాచుకొన్న స్టేషనులను మఱచును. 1963లో మొదలైన కడప ఆకాశవాణి ఇపుడు మా దారిలో పలుకుచున్నది. విద్యార్థులారా, కొనుటకు ముందు కొలువుడు. కలుపుటకు ముందు ఏ తీగ పని యేమో తెలిసికొనుడు.